దూరం నుంచి వినాల్సిన సన్నాయి



తెల్లవారుజామున రేడియో పెట్టే అలవాటున్నవాళ్లకు ప్రసారాల వరస నేను చెప్పనక్కర్లేదు. ముందు ఆకాశవాణి సంకేత ధ్వని, ఆ తర్వాత వందేమాతరం, ఆ వెనకే మంగళవాద్యం. భక్తిరంజని కోసమో వార్తల కోసమో రేడియో దగ్గరికి చేరే మనలో చాలామందిమి ఆ మంగళవాద్యాన్ని మాత్రం వినం. అది మోగుతుండగానే మొహం కడుక్కుంటాం, పాలు పొయ్యి మీద పెడతాం, పేపరు వచ్చిందేమోనని వీధి తలుపు తీస్తాం. చాలా ఏళ్లు నేనూ అంతే. సన్నాయి వినబడిందంటే, అసలుది ఇంకాసేపట్లో మొదలవుతుందని లెక్క.

ఇవాళ ఆ సన్నాయి గురించే నాలుగు మాటలు చెబుతాను. సంగీతశాస్త్రం చదువుకున్నవాణ్ని కాను. బ్యాంకులో లెడ్జర్లు తిరగేసి రిటైరైనవాణ్ని. కాకపోతే పుట్టింది చిలకలూరిపేట దగ్గర పల్లెటూళ్లో. ఆ చుట్టుపక్కల సన్నాయి వినకుండా ఎవరూ పెరగలేరు.

గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో, తెలంగాణలో మేళం అనగానే ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాలు గుర్తొస్తాయి. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వాళ్లతోపాటు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాదస్వరం పట్టాయి. రామాలయంలో నవమి పందిరి, శివాలయంలో కల్యాణం, ఊళ్లో పెళ్లి, కోటప్పకొండకి ప్రభ కదిలే రోజు, అన్నిటికీ సాయిబులే. పొద్దున నమాజు చేసుకుని వచ్చి, స్వామివారి పల్లకీ ముందు త్యాగరాజ కీర్తన వాయించేవాళ్లు. మాకది వింతగా ఉండేది కాదు. అందులో వింత ఉందని పట్నం వచ్చాక ఎవరో చెబితే తెలిసింది.

అప్పట్లో ముహూర్తాలు ఎక్కువగా రాత్రిపూటే. రెండింటికో, మూడింటికో. పెళ్లిపందిరి ఊరికి ఆ చివర ఉంటే మా ఇల్లు ఈ చివర, నడుమ చెరువు. మా నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు, పందిట్లో అంతసేపు కూర్చోలేదు. అరుగు ముందు నులకమంచం వాల్చుకుని పడుకుని, చెరువు మీదుగా వచ్చే సన్నాయిని బట్టి పెళ్లి ఎంతవరకు వచ్చిందో మాకు చెబుతుండేది. "ఎదురుకోళ్లకి బయల్దేరారు రా." కాసేపాగి, "నెమ్మదించింది చూడు, పిల్లని గౌరీపూజ దగ్గర కూర్చోబెట్టారు." ఉన్నట్టుండి డోలు దడదడలాడి, సన్నాయి పైస్థాయిలోకి దూకేది. "అయింది, జీలకర్రా బెల్లమూ పెట్టేశారు" అంటూ లేచి కూర్చుని దణ్ణం పెట్టుకునేది. ఆవిడకి ఒక్క రాగం పేరు తెలియదు. ఏ ఘట్టానికి ఏది వాయిస్తారో మాత్రం ఒక్కటీ తప్పు పోయేది కాదు.

ఇది మా నాయనమ్మ ఒక్కదాని గొప్పతనం కాదు లెండి. ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లందరికీ ఆ వినికిడి ఉండేది. దానికి కారణం సగం వాళ్లయితే, సగం ఆ వాద్యం.

సన్నాయి ఆరుబయట మోగడానికి పుట్టింది. రెండు పొరల పీక, పైన సన్నగా మొదలై కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే గొట్టం, చివర విచ్చుకున్న మూతి. దాంట్లోంచి వచ్చే ధ్వనికి గోడలు అక్కర్లేదు. గుడి ప్రాకారం దాటి, మాడవీధులు దాటి, పొలాల్లో పనిచేసుకునేవాడి చెవిన పడాలి. స్వామి బయల్దేరాడని ఊరికి తెలియాలి. దగ్గర కూర్చుంటే చెవుల్లో గీసినట్టుండే ఆ గరుకు, రెండు వీధులు దాటేసరికి గాలిలో రాలిపోతుంది. మిగిలేది తీపి ఒక్కటే. డోలు కూడా అంతే. ఎడమవైపు పుల్లతో కొట్టే దెబ్బా, కుడివైపు వేళ్లకి గట్టి తొడుగులు వేసుకుని వాయించే జతులూ పక్కనుంటే గుండెల మీద పడతాయి. చెరువు అవతల్నించి వింటే ఒక్కో అక్షరం విడివిడిగా అందుతుంది.

మరి అంత మంచిదైతే ఎందుకు వదిలేశావయ్యా అని అడుగుతారు. ప్రత్యేకంగా వదిలిందేమీ లేదు. ఇంటర్మీడియట్‌కి గుంటూరు వచ్చాను. హాస్టల్లో టేప్‌రికార్డర్, దాని చుట్టూ సినిమా క్యాసెట్లు. ఆ తర్వాత ఉద్యోగం, బదిలీలు. బంధువుల పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు మేళం పక్కన కుర్చీ దొరికితే లేచి వేరే చోటికి పోయేవాణ్ని, మాటలు వినబడవని. శంకరాభరణం సినిమా వచ్చాక ప్రతి పెళ్లిలోనూ మేళంవాళ్ల చేత ఆ పాటలే వాయించేవారు. వాళ్లూ వాయించేవారు, ఏం చేస్తారు, ఈనాం దానికే వస్తుంది.

తమాషా ఏమిటంటే, మా తరం సన్నాయిని నోరు తెరుచుకుని విన్న చోటు కూడా సినిమాయే. 1962లో వచ్చిన మురిపించే మువ్వలు గుర్తుండే ఉంటుంది. అందులో ఎస్. జానకి గొంతూ, కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరమూ ఆభేరి రాగంలో పోటాపోటీగా సాగుతాయి. ఆ పాట రేడియోలో వస్తే వీధిలో వెళ్లేవాడు కూడా ఆగిపోయేవాడు. అదే వాద్యాన్ని మన పందిట్లో మనూరి సాయిబుగారు వాయిస్తుంటే భోజనాల బంతి ఎప్పుడు లేస్తుందా అని చూసేవాళ్లం.

నా విషయంలో మలుపు ఒక ఫంక్షన్ హాల్లో వచ్చింది. హైదరాబాదులో దగ్గరి బంధువుల పెళ్లి. ఏసీ హాలు, పూల గోడ, మండపం చుట్టూ కెమెరాలు. మేళం కనబడలేదు. "మేళమేదిరా" అని అడిగితే, "సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఉంది బాబాయ్" అన్నాడు పెళ్లికొడుకు అన్న. వింటున్నారా, మేళం సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఉందిట! మూలన ఒక కుర్రాడు కూర్చుని ఫోన్లోంచి సన్నాయి వినిపిస్తున్నాడు. కాశీయాత్రకీ అదే, కన్యాదానానికీ అదే, అరగంటకోసారి మళ్లీ మొదటికొస్తోంది. సుముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడికి ఎవరో ఫోన్ చేశారు. హాలంతా దద్దరిల్లేలా ఒక మాస్ పాట రింగ్‌టోన్. వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టుకుని తెల్లబోయి చూస్తున్నారు. పంతులుగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. వెనక వరసలో సన్నాయి నొక్కులు నొక్కే బంధువులకి ఆర్నెల్లకి సరిపడా ముచ్చట దొరికింది.

నవ్వుల మధ్య ఒక్కటి మాత్రం మనసులో పడింది. గట్టిమేళం అంటే గట్టిగా మోగించడం ఒక్కటే కాదు. ఆ క్షణాన ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా వధూవరుల చెవిన పడకూడదని నాదంతో అడ్డుగోడ కట్టడం. దానికి పంతులుగారి చేతి మీద కన్నేసి ఉంచే మనిషి కావాలి. ఉన్న కీర్తనని ఉన్నచోటే వదిలేసి, తాళం మార్చి, ఒక్క ఉదుటున అందుకునే దమ్ము కావాలి. ఫోన్లో పాట ఎవరి చేతి వంకా చూడదు కదా.

ఇంటికొచ్చాక షేక్ చిన మౌలానాగారి నాదస్వర కచేరీ వెతికి పెట్టాను. మా ప్రాంతం మనిషి. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టారు. వెంటనే కళ్లు చెమర్చాయని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, నిజానికి నాకు విసుగు పుట్టింది. ఆలాపన పది నిమిషాలైనా తెమల్లేదు. గది చిన్నది, స్పీకర్ ఎదురుగా ఉంది, తల దిమ్మెక్కింది. ఆపేద్దామని లేచి, ఈలోగా బట్టలు తీసుకురమ్మంటే మేడ మీదికి వెళ్లాను. అక్కడ విన్నాను అసలు సన్నాయి. మెట్ల మలుపు తిరిగి, తలుపు సందులోంచి, ట్రాఫిక్ రొద మీదుగా పైకొస్తోంది. ఏ రాగమో తెలియదు. నులకమంచం, చెరువు అన్నీ గుర్తొచ్చాయి, కాదనను. అంతకన్నా ముఖ్యంగా, ఒక సంగతి వేసి అది ముగిశాక ఆయన ఎంతసేపు ఆగుతున్నారో, ఆ ఆగడం ఎంత అందంగా ఉందో అప్పుడు చెవికి ఎక్కింది. బట్టలు అక్కడే ఉండిపోయాయి. ఇంట్లో అక్షింతలు పడ్డాయి.

ఆ తర్వాత చిన మౌలానాగారి గురించి దొరికినవి చదువుకుంటూ పోయాను. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, అది చాలదని తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్లి నాచ్చియార్‌కోవిల్ సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. అప్పటికే పేరున్న విద్వాంసుడు అలా మళ్లీ మొదటికి వెళ్లడం చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లో నాదస్వరం అంటే రాజరత్నం పిళ్లై, రాజరత్నం పిళ్లై అంటే తోడి. పొడవు పెంచి శ్రుతి తగ్గించిన నాదస్వరాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టింది ఆయనే. ఆ గాలి సోకినవాళ్లు ఊరుకోలేరు. చిన మౌలానాగారు చివరికి శ్రీరంగంలోనే స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు, అక్కడే శిష్యుల్ని తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. మనవళ్లు కాశిం, బాబు ఆ బాణీ కొనసాగిస్తున్నారు. ఆయన దగ్గర సానబట్టుకున్న షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ మహబూబ్ దంపతులకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆడవాళ్లు నాదస్వరం పట్టడమే అరుదైన చోట కాలీషాబీ వాయించగా వింటే, ఆ దమ్ము ఎక్కడిదా అనిపిస్తుంది.

చదివి తెలుసుకున్నదాని కన్నా నాకు ఎక్కువ నేర్పింది ఒక ముసలి విద్వాంసుడు. మా ప్రాంతమే. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను, సాయిబుగారు అనే అంటాను. ఆయన ఇంటి వసారాలో కూర్చున్నాను. సన్నాయి తీస్తారనుకుంటే ముందు ఒక రేకు డబ్బా తీశారు. నిండా పీకలు. కావేరి ఒడ్డున పెరిగే రెల్లు లాంటి గడ్డితో చేస్తారట, తంజావూరు వైపు నుంచి తెప్పించుకుంటారు. ఒకటి తీసి నోట్లో పెట్టుకుని తడిపి, విడిగా ఊది చూశారు. పక్కన పెట్టేశారు. ఇంకోటి, అదీ పక్కన పెట్టేశారు. "ఇది మబ్బు పట్టిన రోజు పలకదు బాబూ, ఎండెక్కాలి" అన్నారు. చివరికి ఒకటి నచ్చింది. దాన్ని గొట్టానికి తగిలించి, నా వైపు తిరిగి, "నా వేళ్లు చూడండి" అన్నారు.

సన్నాయికి పైన ఏడు రంధ్రాలు. హార్మోనియంలో లాగా ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టు ఉండదు. ఆయన శంకరాభరణం ఎత్తుకుని, మధ్యమం మీద నిలబడ్డారు. వేలు దాని చోటులో అది ఉంది. ఊపిరి కొంచెం బిగించారు, పీక మీద పెదవి ఒక వెంట్రుకవాసి కదిలింది, వేలికొస రంధ్రం అంచున చిన్నగా జరిగింది. స్వరం పైకి పాకింది. శుద్ధ మధ్యమం ప్రతి మధ్యమం అయింది. శంకరాభరణం నా కళ్ల ముందే కల్యాణి అయిపోయింది! మళ్లీ వెనక్కి తెచ్చారు. "ఇదే నేర్చుకోవడానికి మా అబ్బాజాన్ దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నానో" అని నవ్వారు. నలభై అడుగుల దూరంలో లౌడ్‌స్పీకర్ కింద కూర్చున్నవాడికి ఇది తెలిసే వీలుందా? నేను ఇన్ని పెళ్లిళ్లలో చూసి కూడా చూడనిది ఇదన్నమాట.

ఆయన మరో సంగతి చెప్పారు. గుళ్లో వాయించేవాడికి గడియారం రాగంలోనే ఉంటుందట. తెల్లవారుజామున భూపాలమో బౌళియో, పొద్దెక్కితే బిలహరి, సాయంత్రం పూర్వీకల్యాణి, కల్యాణి, స్వామి పవళింపుకి నీలాంబరి. ఉత్సవమూర్తి గుమ్మం దాటి వీధిలోకి వచ్చేటప్పుడు గంభీరనాటలో మల్లారి. దాంట్లో సాహిత్యం ఉండదు, ఒట్టి స్వరం, డోలు నడక. దాన్ని బట్టే బోయీలు అడుగు వేస్తారు. నా చిన్నప్పుడు నాయనమ్మ చెరువు అవతలి పెళ్లిని ఎలా చదివిందో ఆ వసారాలో కూర్చున్నప్పుడు అర్థమైంది. మేళం ఘట్టాన్ని వాయిస్తుంది, ఊరు దాన్ని వింటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. ఇదంతా వింటే పాత రోజులే బంగారం అంటున్నానని అనుకునేరు. అననుగాక అనను. ఆ పాత రోజుల్లో, మంగళవాద్యం అని మనం నోరారా పిలిచిన ఆ వాద్యాన్ని ఊదే మనిషికి పందిట్లో చోటు ఒక మూల చాప మీద. రాత్రంతా వాయించినవాళ్లకి భోజనం అందరూ తిన్నాక. సాయిబుగారి తండ్రికి సంభావన కోసం పెళ్లివారి వాకిట్లో మర్నాడు మధ్యాహ్నం దాకా నిలబడిన రోజులు ఉన్నాయట. "సన్నాయి వినకుండా పెళ్లి చేయరు, సన్నాయి వాడి మొహం చూడరు" అన్నారు ఆయన, కోపంగా కూడా కాదు. ఆ రోజులు తిరిగి రానక్కర్లేదు. నాకు తిరిగి కావలసింది సంగీతం ఒక్కటే.

అది రావాలంటే వాయించేవాడి కడుపు నిండాలి. ఈ వృత్తి లెక్క బ్యాంకువాడిగా నాకు వెంటనే తలకెక్కింది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మూఢం వచ్చిందంటే అదీ పోయింది. 2020 వేసవిలో లాక్‌డౌన్‌తో పెళ్లిళ్ల సీజనంతా ఎగిరిపోయింది. మిగతా రోజుల్లో డోలు విద్వాంసుడు ఆటో నడుపుతాడు, సన్నాయి విద్వాంసుడు కుట్టుమిషను తొక్కుతాడు. గుడిలో ఆస్థాన విద్వాంసుడి ఉద్యోగం దొరికినవాడు అదృష్టవంతుడు. తిరుపతిలో దేవస్థానం వాళ్ల నాదస్వర డోలు పాఠశాల ఉంది, పిల్లలు చేరుతున్నారు, బాగానే వాయిస్తున్నారు. బయటికొచ్చిన ఆ పిల్లల్ని పిలిచేదెవరు? ఫొటోగ్రాఫరుకీ, పూల గోడకీ, డ్రోను కెమెరాకీ బయానా ఇచ్చాక, చివర్న గుర్తొస్తే మేళం. దాని దగ్గరే బేరం. పెళ్లి ఖర్చులో మనం గీచి గీచి బేరమాడేది ఆ ఒక్కచోటే అనిపిస్తుంది నాకు.

ఈ మాఘమాసంలో మా అన్నయ్య మనవరాలి పెళ్లి పెట్టుకున్నాం. నిజం మేళం ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను. "బాబాయ్, ఎవరు వింటారు" అన్నాడు పిల్ల తండ్రి. నా అదృష్టం కొద్దీ పెళ్లికూతురే అడ్డం వచ్చింది. "చిన్నతాతయ్యా, నాకు ఒక్క రాగం చెప్పు, జీలకర్ర బెల్లం ముందు అది వాయిస్తే నాకు తెలియాలి" అంది. సంగీతం నేర్చుకున్న పిల్లేం కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. శంకరాభరణం, కల్యాణి రెండూ పక్కపక్కన పెట్టి వినిపించాను. రెండో రోజుకే ఎక్కడ మారుతోందో పట్టేసింది. దానికి పట్టినంత తొందరగా నాకు పట్టలేదు సుమండీ.

సాయిబుగారికి ఫోన్ చేసి తేదీ చెప్పాను. ఏ రాగాలు కావాలని అడుగుతారనుకుని కాగితం మీద రాసి పెట్టుకున్నాను కూడా. ఆయన అదేమీ అడగలేదు. "పెళ్లి ఆరుబయటా, హాల్లోనా బాబూ?" అన్నారు. హాల్లోనే అన్నాను. "అయితే మాకు మైకు వద్దు. ఆ మండపం పక్కన కూడా కూర్చోబెట్టకండి. గుమ్మం బయట నీడపట్టున చోటు చూడండి, పంతులుగారి చెయ్యి కనబడితే చాలు. భోజనం మాత్రం మొదటి బంతిలో పెట్టించండి, ముహూర్తం మధ్యాహ్నం కదా, ఖాళీ కడుపుతో దమ్ము నిలవదు" అన్నారు.

మొదటి బంతి సంగతి అందరికీ చెప్పేశాను. గుమ్మం బయట నీడ ఉందో లేదో రేపు వెళ్లి ఆ హాలు చూసి రావాలి.